చదివేది అనువాదంలో, నింపేది జర్మన్‌లో

పదిరోజులుగా చిక్కడపల్లిలో అమ్మ దగ్గరే ఉంటున్నాను. పై వాటాలో ఉండే అమ్మాయి మాస్టర్స్ చదవడానికి అక్టోబరులో జర్మనీ వెళ్తోంది. మొన్న సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని కిందికి దిగింది. "ఆంటీ, నిన్నటిదాకా జర్మన్ పేజీలన్నీ క్రోమ్ తనంతట తనే ఇంగ్లీషులోకి మార్చేది. ఇవాళ అసలు అడగడమే మానేసింది."

సెట్టింగ్స్‌లో లాంగ్వేజెస్ తెరిచి చూస్తే కారణం కళ్ల ముందే ఉంది. జర్మన్ క్లాసులకు వెళ్తోంది కదా, తనకు నచ్చిన భాషల జాబితాలో జర్మన్‌ను కూడా చేర్చుకుంది. ఆ జాబితాలో ఉన్న భాష మనకు వచ్చనే బ్రౌజర్ లెక్క. ఎడ్జ్ బ్రౌజర్‌లోనూ ఇంతే. జర్మన్‌ను అక్కణ్నుంచి తీసేసి, పేజీ మళ్లీ తెరిస్తే సరిపోయింది. ఇంకొందరు తొందరలో 'నెవర్ ట్రాన్స్‌లేట్' నొక్కేసి మర్చిపోతారు. అదీ ఆ సెట్టింగ్స్‌లోనే దొరుకుతుంది. ఏదీ పని చేయకపోతే పేజీలో ఖాళీ చోట రైట్ క్లిక్ చేయండి, ఫోన్‌లో అయితే మూడు చుక్కలు నొక్కండి. ట్రాన్స్‌లేట్ అన్న మాట అక్కడ ఉంటుంది. పీడీఎఫ్‌లూ, బొమ్మల్లో ఉన్న అక్షరాలూ మాత్రం ఇలా మారవు. పీడీఎఫ్‌ను గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో డాక్యుమెంట్‌గా ఎక్కించాలి, బొమ్మకైతే గూగుల్ లెన్స్ వాడాలి.

ఇవన్నీ చిన్న తిప్పలు. అసలు ఇబ్బంది ఫారాల దగ్గర మొదలవుతుంది. జర్మనీకి కొత్తగా వచ్చే పిల్లలకు నేను ముఖ్యంగా చెప్పాలనుకునేది దీని గురించే.

జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఆ ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేసుకోవాలి. దాన్నే ఆన్‌మెల్డుంగ్ అంటారు. నాలుగేళ్ల కిందట మా మరిది కొడుకు జర్మనీ వచ్చినప్పుడు దాని అపాయింట్‌మెంట్ కోసం ఇద్దరం కూర్చున్నాం. వాడు పేజీని ఇంగ్లీషులోకి మార్చి పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున తొమ్మిదింపావుకి ఒక ఖాళీ కనబడింది. నొక్కాడు. పేజీ మొత్తం తెల్లగా అయిపోయింది. మళ్లీ తెరిచాడు, మళ్లీ తెలుపే. మూడోసారి నేను అనువాదం తీసేసి జర్మన్‌లోనే నొక్కితే బుక్ అయింది గానీ, ఈలోగా ఆ తొమ్మిదింపావు ఎవరో పట్టుకుపోయారు. వాడికి తొమ్మిది రోజుల తర్వాతది దక్కింది.

తప్పు నెట్‌ది కాదు. అనువాదం చేసేటప్పుడు బ్రౌజర్ పేజీలోని మాటలను తీసి, తన ట్యాగుల్లో చుట్టి కొత్త మాటలు పెడుతుంది. రియాక్ట్ లాంటి ప్రోగ్రామింగ్ సాధనాలతో కట్టిన పేజీలు ఏ ముక్క ఎక్కడుందో లెక్క ఉంచుకుంటాయి. తాము పెట్టిన ముక్క పెట్టిన చోట లేకపోతే అక్కడే ఆగిపోతాయి. అందుకే ఒకే పేజీని రెండు ట్యాబుల్లో తెరవండి. ఒకటి అనువాదం చేసి చదువుకోండి, రెండోది జర్మన్‌లోనే ఉంచి నింపండి. నొక్కాల్సిన మాటలు గుప్పెడే. వైటర్ అంటే తర్వాతి పేజీకి, త్సురూక్ అంటే వెనక్కి, ఆప్‌జెండెన్ అంటే పంపు, ఆప్‌బ్రెహెన్ అంటే రద్దు. ఇవి ఒక్క పూటలో వచ్చేస్తాయి.

ఇంకో మాట, ఇది మన తెలుగువాళ్లకే ప్రత్యేకం. జర్మన్ ఫారంలో ఫోర్‌నామె అని ఉంటుంది. తెలుగులోకి మారిస్తే అది 'మొదటి పేరు' అవుతుంది. మనం పేరు రాసేటప్పుడు మొదట వచ్చేది ఏది? ఇంటిపేరు! పై వాటా అమ్మాయి సరిగ్గా అదే రాసింది. ఫోర్‌నామె అంటే మనకు పెట్టిన పేరు, నాహ్‌నామె అంటే ఇంటిపేరు. పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, అందులో గివెన్ నేమ్, సర్‌నేమ్ ఎలా ఉన్నాయో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. ఈ తప్పు ఒకసారి నమోదైతే బ్యాంకు దాకా, ఇన్సూరెన్స్ దాకా వెంటాడుతుంది.

ఊళ్ల పేర్లు, వీధుల పేర్లు కూడా అనువాదంలోంచి కాపీ చేయకండి. ఎస్సెన్ పెద్ద నగరం, కానీ ఆ మాటకు జర్మన్‌లో తిండి అనే అర్థం కూడా ఉంది. బాన్‌హోఫ్‌ష్ట్రాసె అన్న వీధి స్టేషన్ రోడ్డుగా మారిపోతే ఉత్తరం ఎవరికి చేరుతుంది? ఇంటి ప్రకటనల్లో 'చల్లని అద్దె' అని కనబడితే ఇంట్లో హీటర్ లేదని కంగారు పడకండి. అది కాల్ట్‌మీటె, అంటే హీటింగ్, నిర్వహణ లాంటి ఖర్చులు కలపని అద్దె. యజమాని అడగగలిగే డిపాజిట్ దానికి మూడు రెట్లు దాటకూడదని చట్టం. 1.250 యూరోలని ఉంటే అది పన్నెండు వందల యాభై. అక్కడ వేలకు చుక్క, పైసలకు కామా.

బ్యాంకు పేజీల విషయంలో నాకు కొంచెం పట్టింపు ఉంది. క్రోమ్ అనువదించాలంటే పేజీలోని మాటలు గూగుల్ సర్వర్లకు వెళ్లాలి. ఫైర్‌ఫాక్స్‌లో 2023 సెప్టెంబరులో వచ్చిన 118వ వెర్షన్ నుంచీ అనువాదం మన కంప్యూటర్‌లోనే జరుగుతుంది. ఖాతా వివరాలున్న పేజీలకు నేను దాన్నే వాడతాను.

తెలుగా, ఇంగ్లీషా అని ఆ అమ్మాయి అడిగింది. ఒప్పందాలు, నిబంధనలు ఇంగ్లీషులోనే చదవమన్నాను. తెలుగు అనువాదం ఒకప్పటి కంటే ఎంతో మెరుగైంది గానీ, షరతుల దగ్గర 'తప్పక', 'చేయవచ్చు' తారుమారైతే మనకే నష్టం. హాస్టల్ పేజీ మాత్రం వాళ్లమ్మ కోసం తెలుగులోకి మార్చి ఇచ్చాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని వంటగది ఎక్కడుందో, గదికి తాళం ఉంటుందో లేదో రెండుసార్లు చదువుకుంది.

బుకింగ్ అయ్యాక వచ్చే పేజీని అనువాదం తీసేసి, జర్మన్‌లోనే పీడీఎఫ్‌గా దాచుకోండి. రేపు ఆఫీసు కౌంటర్ దగ్గర చూపించాల్సింది దాన్నే.