కమ్యూనిస్టు ముద్ర ఎవరి మీద పడేది?

ప్రశ్న: 1952లో మండేలాకు కమ్యూనిజం నిరోధక చట్టం కింద శిక్ష పడిందని చదివాను. ఆయన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ నాయకుడు కదా, ఆ చట్టం ఆయనకెలా తగిలింది?

జవాబు: కిటుకంతా నిర్వచనంలో ఉంది. దక్షిణాఫ్రికా ప్రభుత్వం 1950లో తెచ్చిన ఆ చట్టం మార్క్స్ సిద్ధాంతం దగ్గర ఆగలేదు. అలజడి రేపిగానీ చట్టాన్ని ధిక్కరించిగానీ రాజకీయ, సామాజిక, ఆర్థిక మార్పు తేవాలనే ఏ ఆలోచననైనా కమ్యూనిజం కిందే జమకట్టింది. వర్ణవివక్ష చట్టాలకు వ్యతిరేకంగా 1952 జూన్ 26న మొదలైన ధిక్కార ఉద్యమంలో జనం చేసిందల్లా ‘యూరోపియన్లకు మాత్రమే’ అని బోర్డున్న రైల్వే ద్వారం గుండా నడవడం, కర్ఫ్యూ వేళ పాసు (నల్లవాళ్లు వెంట ఉంచుకోవాల్సిన అనుమతి పత్రం) లేకుండా వీధిలోకి రావడం, అరెస్టయి జైలుకెళ్లడం. 8,000 మందికి పైగా అలా వెళ్లారు. నిర్వచనం వాళ్ల కోసమే కుట్టినట్టు సరిపోయింది. డిసెంబరులో మండేలా, ఆయన సహచర నాయకుడు సిసులు సహా 20 మందికి 9 నెలల జైలుశిక్ష వేసి, దాని అమలును రెండేళ్లు నిలిపి ఉంచారు. మామూలుగా జనం కమ్యూనిజం అనుకునేదానికీ ఈ నేరానికీ సంబంధం లేదని తీర్పులో జడ్జి రంఫ్ స్వయంగా చెప్పారు.

నిజానికి కోర్టుకెక్కిన కేసులకన్నా, ఇదే చట్టం కింద ఒక్కో వ్యక్తి మీద పెట్టిన నిషేధపు ఉత్తర్వులే ఉద్యమాన్ని ఎక్కువ దెబ్బతీశాయి. వాటికి విచారణ అక్కర్లేదు, మంత్రి సంతకం చాలు. గడువు తరచూ 5 ఏళ్లు, తీరాక మళ్లీ పొడిగించవచ్చు. జిల్లా దాటకూడదు, పోలీసు స్టేషన్‌లో హాజరు వేయించుకోవాలి, సభలకు వెళ్లకూడదు. సభ అంటే మైదానంలో మీటింగే అనుకోకండి. ఇంట్లో ఇద్దరు స్నేహితులతో కూర్చుని టీ తాగినా కేసు పెట్టగలిగేవారు. నిషేధం ఉన్నవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. భార్యాభర్తలిద్దరి మీదా నిషేధముంటే, మాట్లాడుకోవడానికి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి! 1962 నుంచి వాళ్ల మాటలను పత్రికలు అచ్చేయడం కూడా నేరమైంది.

ప్రశ్న: మరి అసలు కమ్యూనిస్టు పార్టీ ఏమైంది?

జవాబు: చట్టం అమల్లోకి రాకముందే, 1950 జూన్‌లో, తనను తాను రద్దు చేసుకుంది. బహిరంగంగా పనిచేసిన పార్టీ కాబట్టి సభ్యులెవరో పోలీసులకు తెలుసు, రాత్రికి రాత్రి అజ్ఞాతంలోకి దిగడం కుదరదు. 1953లో నమ్మకస్తులతో రహస్యంగా మళ్లీ కట్టారు. పార్టీ బతికే ఉందని 1960 దాకా బయటపెట్టలేదు. పార్టీ నాయకుల్లో మోజెస్ కొటానే ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌లో, యూసుఫ్ దాదూ అక్కడి భారతీయుల సంస్థ అయిన సౌత్ ఆఫ్రికన్ ఇండియన్ కాంగ్రెస్‌లో పనిచేస్తూ వచ్చారు.

ఇంత జాగ్రత్తా జోహానెస్‌బర్గ్ శివారులోని రివోనియాలో చెదిరిపోయింది. లిలీస్‌లీఫ్ అనే ఒకే తోటను పార్టీకి, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ సాయుధ దళమైన ఉమ్ఖొంతో వె సిజ్వెకు కలిపి స్థావరంగా వాడారు. రాకపోకలు పెరిగాయి, కాగితాలు పేరుకున్నాయి. రహస్యోద్యమంలో ఇంతకన్నా పెద్ద పొరపాటు ఉండదు. 1963 జులై 11న పోలీసులు దాడి చేసేసరికి, అప్పటికే జైల్లో ఉన్న మండేలా చేతిరాత కాగితాలు కూడా దొరికాయి. పార్టీలో తాను సభ్యుణ్ని కానని ఆయన కోర్టులో చెప్పారు. 1962లో అరెస్టయ్యేనాటికి ఆయన కేంద్ర కమిటీలో ఉన్నారని, 2013లో ఆయన మరణించాక పార్టీయే ప్రకటించింది.