ఆలుగడ్డకు జీవన ఎరువు: వాహకంలో బూజు ఎందుకొస్తోంది?

అన్నా, గాలిలోని నత్రజనిని పైరుకందించే అజటోబాక్టర్ బ్యాక్టీరియా ద్రవాన్ని పచ్చి వర్మీ కంపోస్టులో, కొంత పొయ్యి బూడిదలో కలిపితే వారానికే బూజు, వాసన వచ్చాయన్నారు. తప్పు బ్యాక్టీరియాది కాదు, వాహకానిది, అంటే దాన్ని కలిపి ఉంచే పొడిది. బూడిద క్షార గుణానికి అజటోబాక్టర్ బతకదు. వర్మీ కంపోస్టులో ముందే ఉన్న శిలీంధ్రాలు తేమ తగలగానే పైచేయి సాధిస్తాయి.

నిల్వ చేయాలంటే మెత్తగా జల్లించిన లిగ్నైట్ (గోధుమ రంగు బొగ్గు) పొడి తీసుకోండి. సున్నపురాయి పొడి కొద్దికొద్దిగా కలుపుతూ పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 దగ్గరికి తెచ్చి, 121 డిగ్రీల ఆవిరిలో గంటసేపు శుద్ధి చేయాలి. పూర్తిగా చల్లారాకే కిలో పొడికి అర లీటరు తాజా కల్చర్ (బ్యాక్టీరియా ద్రవం) కలపండి, తేమ 33 శాతం వస్తుంది. 40 దాటితే గాలాడక కుళ్లు వాసన మొదలవుతుంది. అసలు చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే. గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలన్నది మన దేశపు ప్రమాణం. ఎండలో, ఎరువుల బస్తాల పక్కన పెడితే ఆ లెక్క నిలవదు.

ఇంత సరంజామా లేకపోతే నిల్వ ఆలోచనే వద్దు. నాటేముందు బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, నీడలో తడి గోనె కప్పి, వెంటనే వాడేయండి.

జహీరాబాద్ వైపు కోసిన గడ్డలకు మాంకోజెబ్ అనే శిలీంధ్రనాశిని పట్టిస్తారు కదా, అదే ద్రావణంలో కల్చర్ కలపొద్దు. గడ్డల కోత ఆరి పొర కట్టాక, సాయంత్రం చాళ్లలో ఎరువుతో పాటు చల్లి మట్టి కప్పండి. డీఏపీ దానికి తగలకుండా వేరే వరుసలో పడాలి.