సి విటమిన్ బిళ్లతో ఛాతీలో మంట: ఏ రకం మార్చాలి?

అన్నా, పరగడుపున 500 మి.గ్రా. చప్పరించే బిళ్ల వేసుకుంటే ఛాతీలో మంట లేస్తుందన్నారు. హన్మకొండ మెడికల్ షాపాయన నీళ్లలో పొంగే 1000 మి.గ్రా. బిళ్ల గానీ లైపోసోమల్ (విటమిన్‌ను సన్నటి కొవ్వు బుడగల్లో పెట్టిన రకం) గానీ వాడమన్నాడట, బీపీ ఉన్న మీ బాపుకు కూడా అదే ఇద్దామా అని అడిగారు.

బాపుకు పొంగే బిళ్ల వద్దు. అది పొంగేదే సోడా ఉప్పుతో. బ్రాండును బట్టి ఒక్కోదాంట్లో రెండు మూడు వందల మి.గ్రా. సోడియం ఉంటుంది. బీపీ మనిషికి ఉప్పు తగ్గించి ఇది పెడితే ఏం లాభం?

మీకు మంట పెట్టేది ఆస్కార్బిక్ యాసిడ్ (మామూలు సి విటమిన్) పులుపు, అదీ ఖాళీ కడుపున. కాల్షియంతో కలిపిన సి విటమిన్, అంటే కాల్షియం ఆస్కార్బేట్ అయితే పులుపు ఉండదు, గ్రాముకు సుమారు 100 మి.గ్రా. కాల్షియం వస్తుంది. సోడియం ఆస్కార్బేట్ కూడా కడుపుకు నెమ్మదే గానీ గ్రాముకు 110 మి.గ్రా. పైచిలుకు సోడియం. స్ట్రిప్ వెనక ఏది రాశారో చూసి కొనండి.

అసలు ముందు మోతాదు తగ్గించండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 లెక్కన మగవాళ్లకు రోజుకు 80 మి.గ్రా. చాలు. ఉన్న బిళ్లనే సగం విరిచి అన్నం తిన్నాక వేసుకోండి. తక్కువ మోతాదు చాలావరకు ఒంటికి పడుతుంది; ఒకేసారి గ్రాము దాటితే సగం కూడా పట్టదు, పేగులో మిగిలింది నీళ్లు లాగి విరేచనాలు పట్టిస్తుంది. లైపోసోమల్ రక్తంలోకి కాస్త ఎక్కువ చేరొచ్చు, కానీ లోపం లేని మనిషికి ఆ ధర దండుగ. 100 గ్రాముల జామపండులోనే 200 మి.గ్రా. దాకా ఉంటుంది.

చప్పరించాక నీళ్లతో పుక్కిలించండి, వెంటనే బ్రష్ చేస్తే పంటి పైపొర అరుగుతుంది. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ఏ రకమూ ముట్టొద్దు.