ఒక్క సెకను పాటకి పదకొండు పేజీలా?

చిరంజీవి మేనల్లుడికి, పర్లాకిమిడి నుంచి మామయ్య ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. ఇంగ్లండు మెటల్ బ్యాండు నేపామ్ డెత్ వాళ్ల 'యూ సఫర్' పాట నిడివి 1.316 సెకన్లు. అతి చిన్న పాటగా గిన్నిస్ రికార్డు కూడా ఉంది. దాని మీద నువ్వు రాసినవి పదకొండు పేజీలు! నీ మొదటి వాక్యంలో కర్త ఎక్కడున్నాడో వెతికేలోపే ఆ పాట అయిపోతుంది.

"శ్రవణేంద్రియాలను విదారించు ప్రళయఘోష" అట. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో పుట్టి ఇదేం రాతరా బాబూ? చెవులు గింగురెత్తాయంటే చాలదా?

నువ్వు చెప్పావని ఆ పాట ఉన్న వాళ్ల 1987 నాటి 'స్కమ్' ఆల్బమ్ విన్నాను. 28 పాటలు, సుమారు 33 నిమిషాలు. మొదటిసారి ఏ పాట ఎక్కడ అయిందో, ఏది ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఆ గొంతులు నాకిప్పటికీ ఎక్కలేదు, దాచను. డ్రమ్స్ మాత్రం పట్టుకున్నాయి. రికార్డు రెండో వైపుకి వచ్చేసరికి పాడేవాడూ గిటారు వాయించేవాడూ అందరూ మారిపోయారు, రెండు వైపులా ఉన్నది డ్రమ్మర్ మిక్ హారిస్ ఒక్కడే. బ్లాస్ట్ బీట్ అంటావే, చేత్తో స్నేర్ అనే చిన్న డ్రమ్ మీద ఒకటి, కాలితో బేస్ అనే పెద్ద డ్రమ్ మీద ఒకటి, మార్చి మార్చి, లెక్కకందని వేగంతో. అదేంటో చూద్దామని స్టీలు పళ్లెం బోర్లించి, రెండు చెంచాలు పట్టుకుని, కాలితో నేల తన్నుతూ మొదలెట్టాను. ఇరవై దెబ్బలకే కాలూ చెయ్యీ కలిసి పడిపోతున్నాయి. మణికట్టు పట్టేసింది. మీ అత్తయ్య వంటింట్లోంచి వచ్చి చూసి, ఏమీ అనకుండా పళ్లెం పట్టుకుపోయింది.

అప్పటిదాకా కోపమొచ్చిన ఎవడైనా అలా బాదేస్తాడనుకున్నాను. నీ వ్యాసంలో ఆవేశం గురించి ఆరు పేజీలున్నాయి, సాధన గురించి ఒక్క ముక్క లేదు.

ఇంకోటి. కోపం అసలు రూపంలో ఉండేది కాసేపే. ఆ తర్వాత మనం మాట్లాడేదంతా మన గొంతు మనకి ముద్దొచ్చి మాట్లాడేది. పెళ్లిళ్లలో అలిగిన బంధువుల్ని చూడు, మొదటి మాటే నిజం, మిగతాది ప్రదర్శన. ఈ కుర్రాళ్లు ఆ మొదటి మాట దగ్గరే ఆపేశారు, నాకు నచ్చింది అదే. అమెరికా మెటల్ బ్యాండు స్లేయర్ వాళ్ల 1986 నాటి 'రెయిన్ ఇన్ బ్లడ్' ఆల్బమ్ కూడా పది పాటలు కలిపి అరగంట లేదు. (నిజం చెప్పాలంటే నాకు అదే ఎక్కువ నచ్చింది. ఏ పాట ఏదో తెలుస్తుంది.)

నీ ఏడో పేజీలో ఒక వాక్యం ఉంది. సర్టిఫికెట్ కోసం ఆఫీసు వాళ్లు నాలుగోసారి తిప్పి పంపిన రోజు, బరంపురంలో నీ అద్దె గదిలో ఈ పాటలు పెట్టుకున్నావని, ఇంటి ఓనరు తలుపు కొట్టి, మిక్సీ పాడైందా అని ఒడియాలో అడిగాడని. దాన్ని రెండు డాబు మాటల మధ్య దాచేశావెందుకు? అక్కడ మొదలెట్టు. ఆ రోజు ఏ పాట ఎన్నిసార్లు విన్నావు, ఓనరుకి ఏం చెప్పావు, అది రాయి. ముందున్న ఆరు పేజీలూ తీసెయ్. నా మొదటి కథ ముప్పై పేజీలు, అందులో ఇప్పుడు నేను చదవగలిగేది నాలుగు.

రెండు పేజీలకి కుదించి పంపు. నీ ఇయర్‌ఫోన్లు ఇక్కడే మర్చిపోయావు. దసరాకి వచ్చినప్పుడు తీసుకెళ్దువుగాని, ఈలోగా నేను వాడుకుంటున్నాను.

మీ మామయ్య