మీ కారు – మా జవాబు: ఎంత దించవచ్చు, దేనితో దించాలి?

ప్రశ్న: నాది 2019 స్విఫ్ట్ పెట్రోలు. టైరుకీ ఫెండరుకీ మధ్య నాలుగు వేళ్లు పట్టేంత ఖాళీ ఉంటుంది, చూడ్డానికి బాగోదు. 50 మి.మీ. దించాలని ఉంది. స్ప్రింగులో ఒకటిన్నర చుట్టు కోసేస్తే చాలని మా మెకానిక్ అంటున్నాడు. లోయరింగ్ స్ప్రింగులు వేయించమని ఒక స్నేహితుడు, కాయిలోవర్లు (ఎత్తు సర్దుకోగల స్ప్రింగు-షాక్ సెట్లు) పెట్టించమని ఇంకొకడు చెబుతున్నారు. ఏది మంచిది సార్? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: 25 నుంచి 30 మి.మీ. దించే లోయరింగ్ స్ప్రింగుల సెట్టు తీసుకుని, దాంతోపాటు షాక్ అబ్జార్బర్లు కూడా కొత్తవి వేయించండి. 50 వద్దు. కోయించడం అసలే వద్దు.

ఎంత దించాలన్నది ఫెండరు దగ్గరి ఖాళీని బట్టి తేల్చే విషయం కాదండి. షాక్ రాడ్డు మీద బంప్ స్టాప్ అని ఒక దిమ్మ ఉంటుంది. గుంతలోనో స్పీడ్ బ్రేకరు మీదో చక్రం పైకి లేచినప్పుడు షాక్ బాడీ వెళ్లి ఆ దిమ్మకు తగిలేలోపు ఎంత చోటుందో, అదే మీ దగ్గరున్న మూలధనం. కారును దించిన ప్రతి మిల్లీమీటరూ అందులోంచే పోతుంది.

ఆ చోటు ఎంతో మీరే కొలుచుకోవచ్చు. ముందు చక్రం స్ట్రట్ (స్ప్రింగూ షాకూ కలిసి ఉండే కాలు) మీది నల్ల రబ్బరు బూటును పైకి జరిపి, సన్నని కేబుల్ టై ఒకటి రాడ్డుకు చుట్టండి. షాక్ బాడీకి ఆనాలి, వేలితో తోస్తే కదలాలి, అంత బిగువు చాలు. తోక కత్తిరించేయండి. కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగా టై నుంచి దిమ్మ అడుగుదాకా స్కేలు పెట్టి చూడండి. తర్వాత నలుగురిని ఎక్కించుకుని రోజూ తిరిగే దారిలోనే వెళ్లి రండి. టై ఎంత పైకి జరిగి ఉందో, అంత ప్రయాణం మీరు ఇప్పటికే వాడుకుంటున్నట్టు. అది దిమ్మదాకా వెళ్లి ఆగిందంటే 30 మి.మీ. కూడా మీకు ఎక్కువే, 20 దగ్గర ఆగండి. టై తీసేటప్పుడు కత్తెర మొన రాడ్డుకు తగలనివ్వద్దు. క్రోమ్ మీద గీత పడితే సీలు తెగి ఆయిలు కారుతుంది.

ఇక కోత సంగతి. స్ప్రింగు గట్టిదనం పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమంగా ఉంటుంది. ఆరు చుట్లలో ఒకటి కోస్తే గట్టిదనం 20 శాతం పెరుగుతుంది. మిగిలిన ఒక్కో చుట్టు మీదా బరువు మాత్రం మునుపటిదే కాబట్టి, బరువు మీద ఉన్నప్పుడు చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎంత దూరం ఉందో కారు సరిగ్గా అంత దిగుతుంది. 40 మి.మీ. అనుకోండి. లెక్క కోసం మామూలు స్ప్రింగు ఒక మిల్లీమీటరు నొక్కుకోవడానికి 2 కిలోలు కావాలని, దిమ్మదాకా 60 మి.మీ. చోటుందని తీసుకుందాం. అంటే అదనంగా 120 కిలోల తోపు పడితేగాని దిమ్మ తగలదు. కోసిన తర్వాత మిగిలింది 20 మి.మీ., గట్టిదనం 2.4. ఇప్పుడు 48 కిలోలకే తగులుతుంది! స్ప్రింగు గట్టిపడినా దిమ్మ తేలిగ్గా తగులుతుంది. ‘కోశాక కారు ధన్ ధన్ మంటోంది’ అని జనం చెప్పేది ఈ దెబ్బ గురించే. ఆ దెబ్బ స్ట్రట్ మౌంటుకూ (స్ట్రట్ పైకొసను పట్టి ఉంచే భాగం), బాడీలో దాన్ని బిగించిన రేకుకూ నేరుగా పోతుంది.

ఇంకో ప్రమాదం కారు జాకీ మీదకు లేచినప్పుడు కనిపిస్తుంది. ఒక చుట్టు పోతే స్ప్రింగు విడి పొడవు 60 మి.మీ. దాకా తగ్గవచ్చు. షాక్ మాత్రం పాత పొడవుకే సాగుతుంది. చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు వదులై, అది కూర్చునే పళ్లెంలోంచి పక్కకు తప్పుకుంటుంది. లోతైన గుంత దాటినప్పుడూ ఇదే జరుగుతుంది. పైగా కంపెనీ స్ప్రింగు కొస పళ్లెంలోని గాడిలో కూర్చునేలా వంచి ఉంటుంది. గ్రైండరుతో కోసిన కొసకు ఆ వంపు ఉండదు.

గ్యాస్ మంటతో వేడిచేసి కుంగదీయడం కోత కన్నా ఘోరం. టెంపరింగ్ చేసిన (వేడితో గట్టిదనం కుదిర్చిన) ఉక్కు అది. మంట తగిలినచోట నీలం రంగుకు తిరిగి మెత్తబడిపోతుంది. ఆ తర్వాత ఎంత కుంగుతుందో, ఎప్పుడు విరుగుతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు.

మంచి లోయరింగ్ స్ప్రింగు పొట్టిదే కాదు, గట్టిదనం కూడా లెక్కకట్టి పెంచినది, కొసలు పళ్లెంలో కూర్చునేలా తయారైనది. అయినా పోయిన చోటంతా అది తిరిగి ఇవ్వలేదు. పై లెక్కలోనే 30 మి.మీ. దించి ఆ 120 కిలోలు నిలబెట్టాలంటే గట్టిదనం రెట్టింపు కావాలి. అలాంటి కారులో ఇంటిల్లిపాదీ కూర్చోలేరు. 30కి మించవద్దనేది అందుకే.

రోడ్డు లెక్క కూడా చూడండి. స్విఫ్ట్‌కు కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ 163 మి.మీ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం. స్విఫ్ట్ చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లు కాబట్టి, దాని నడినెత్తిన కారున్నప్పుడు నాలుగు చక్రాలూ దాని మీదే ఉంటాయి, పొట్ట కిందికి పొడుచుకొచ్చే గూని 44 మి.మీ. మాత్రమే. కాలనీల్లో సిమెంటుతో పోసుకున్న అడుగు వెడల్పు దిబ్బలు అలా కావు, వాటి ఎత్తు ఎంతో అంతా పొట్ట కిందికి వస్తుంది. 50 మి.మీ. దించితే ఖాళీ కారుకు 113 మిగులుతుంది. ఐదుగురు ఎక్కితే అదీ ఉండదు.

ప్రశ్న: లోయరింగ్ స్ప్రింగులు కొన్నాను. ఊళ్లో తెలిసిన మెకానిక్‌తో వేయిస్తాను. ఏ పార్టులు మార్చాలి, ఏం గమనించాలి? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు, పాత స్విఫ్ట్, 70 వేల కి.మీ.)

జవాబు: 70 వేలు తిరిగిన షాకులతో కొత్త గట్టి స్ప్రింగులు వేయవద్దు. స్ప్రింగు గట్టిపడే కొద్దీ అది తిరిగి సాగేటప్పుడు పట్టి ఆపే బలం షాక్‌కు ఎక్కువ కావాలి. అలసిన షాక్ ఆపలేదు, కారు హైవే మీద ఊగుతుంది. నాలుగు షాకులు, ముందు రెండు స్ట్రట్ మౌంట్లు, రెండు బేరింగులు, బంప్ స్టాప్‌లు, బూట్లు ఒకేసారి తీసుకోండి. 30 మి.మీ. వరకు మామూలు పొడవు షాకులు నడుస్తాయి. అది దాటితే రాడ్డు పొట్టిగా చేసినవి కావాలి. షాకులు తయారుచేసే బిల్‌స్టైన్ వాళ్లు మామూలు ఎత్తుకు బీ6, దించిన కార్లకు పొట్టి బీ8 అని వేరువేరుగా చేసేది ఇందుకే.

పని మొదలుపెట్టే ముందు చదునైన నేల మీద నాలుగు చక్రాలకూ హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి ఫెండరు అంచుదాకా కొలిచి రాసుకోండి. టైరు గాలితో సంబంధం లేని కొలత అది.

ముందువైపు స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా పైనట్టు విప్పవద్దు. నొక్కుకుని ఉన్న స్ప్రింగు ఎగిరితే ప్రాణం మీదకు వస్తుంది. పైనట్టును ఇంపాక్ట్ గన్నుతో బిగిస్తే రాడ్డు గిర్రున తిరిగి లోపలి సీలు పాడవుతుంది. రాడ్డును పట్టుకుని చేతి పానాతోనే బిగించాలి. వెనక స్విఫ్ట్‌కు టార్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే అడ్డదూలం), స్ప్రింగూ షాకూ వేరువేరుగా ఉంటాయి. బీమ్ కింద జాకీ పెట్టి, రెండువైపులా షాక్ కింది బోల్టులు తీసి, మెల్లగా దించితే స్ప్రింగులు చేతికి వస్తాయి, కంప్రెసర్ అక్కర్లేదు. బ్రేక్ హోసులూ ఏబీఎస్ వైర్లూ లాగుకుపోకుండా ఒకరు చూస్తూ ఉండాలి.

ఎక్కువమంది మెకానిక్కులు వదిలేసేది ఒకటుంది. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే భాగం) బుష్ (రబ్బరు కీలు) బోల్టులను, వెనక బీమ్ బుష్ బోల్టులను ముందే వదులు చేసి, కారు చక్రాల మీద నిలబడ్డాకే ఆఖరి బిగింపు ఇవ్వాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి కొన్ని నెలల్లో చిరుగుతుంది.

బిగించాక మళ్లీ జాకీ మీద ఎత్తి స్ప్రింగును చేత్తో తిప్పి చూడండి. తిరగకూడదు. తర్వాత లోయర్ ఆర్మ్ చూడండి. చక్రం వైపు కిందికి వాలి ఉండాలి, మహా అయితే నేలకు సమాంతరం. చక్రం వైపు పైకి లేచిందంటే అతిగా దించినట్టే, అక్కణ్ణుంచి మలుపులో కారు ఇంకా ఎక్కువ వాలుతుంది. 300 నుంచి 500 కి.మీ. తిరిగి స్ప్రింగులు కూర్చున్నాక అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల ఎత్తు సరిచేయించండి.

ప్రశ్న: స్ప్రింగులు కోయించి ఏడాదైంది. స్టీరింగ్ తిప్పితే ‘టంగ్’ మని శబ్దం, ముందు టైర్లు లోపలి అంచున అరిగిపోయాయి. మళ్లీ అలైన్‌మెంట్ చేయిస్తే పోతుందా? (నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: శబ్దం పోదమ్మా. స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగు స్ట్రట్‌తోపాటు తిరగాలి. కోసిన కొస పళ్లెంలో సరిగా కూర్చోక కొంచెంసేపు పట్టుకుని, తర్వాత ఒక్కసారిగా జారుతుంది, ఆ చప్పుడే అది. కంపెనీ ఎత్తు స్ప్రింగులు జతగా కొని వేయించండి, బేరింగులు కూడా మార్పించండి. టైరు సంగతికి వస్తే, అరిగిన అంచు మీద అరచేతిని అడ్డంగా, లోపలికీ బయటికీ రుద్ది చూడండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపంలా తగిలితే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పింది. రెండువైపులా నున్నగా ఉంటే కాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలిన కోణం) ఎక్కువైంది. కారు దిగినప్పుడు రెండూ మారతాయి, కానీ టైరును త్వరగా తినేసేది టో. ఎత్తు సరయ్యాక చేయించే అలైన్‌మెంటే నిలుస్తుంది.

ప్రశ్న: పోలోకు కాయిలోవర్లు వేయిద్దామనుకుంటున్నాను. కాలరు (స్ప్రింగు పళ్లెం ఎత్తు మార్చే మర రింగు) తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందంటారు, నిజమేనా? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మామూలుగా వాడే ఎత్తుల్లో కాదు. కారు బరువుకు స్ప్రింగు నొక్కుకుపోయే దూరం మారదు, పళ్లెం జరిగినంత మేర కారు ఎత్తు మారుతుంది, అంతే. పళ్లెం దించినకొద్దీ దిమ్మదాకా ఉన్న చోటు మాత్రం తగ్గుతుంది. అడుగు బ్రాకెట్టు కూడా మర మీద తిరిగే రకమైతే స్ట్రట్ మొత్తం పొట్టిదవుతుంది, లోపలి ప్రయాణం అలాగే ఉంటుంది. డబ్బు పెడుతున్నారు కాబట్టి అలాంటిదే చూడండి. కేడబ్ల్యూ కంపెనీ సెట్లలో వేరియంట్ 1కి ఎత్తు మార్పు ఒక్కటే, 2కి రీబౌండ్ (షాక్ తిరిగి సాగేటప్పటి బిగువు) కూడా, 3కి కంప్రెషన్ (నొక్కుకునేటప్పటి బిగువు) కూడా సర్దుకోవచ్చు. కుటుంబంతో తిరిగే కారుకు 3 అక్కర్లేదు. వానాకాలంలో నెలకోసారి మరల్లో బురద మెత్తటి బ్రష్షుతో కడగకపోతే కాలరు పట్టేస్తుంది, తర్వాత సుత్తి వాడాల్సి వస్తుంది.

ప్రశ్న: చట్టం ఏమంటుంది? (ఒంగోలు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని పెట్టారు. పని చేయించకముందే ఆర్టీవో కార్యాలయంలోనూ, ఇన్సూరెన్స్ కంపెనీని రాతపూర్వకంగానూ అడగండి. ప్రమాదం జరిగాక చెబితే క్లెయిము దగ్గర పేచీ పడుతుంది. పాత స్ప్రింగులు అమ్మేయకుండా దాచుకోండి.

ప్రశ్న: దించడం ఎందుకు, పెద్ద అల్లాయ్ వేసి సన్నటైరు ఎక్కిస్తే ఖాళీ తగ్గదా? (వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తగ్గదు. స్విఫ్ట్‌కు వచ్చే 185/65 ఆర్15 టైరు ఎత్తు 621.5 మి.మీ., దాని బదులు వేసే 195/55 ఆర్16 ఎత్తు 620.9. ఒక మిల్లీమీటరు తేడా కూడా లేదు. పక్కగోడ మాత్రం 120 నుంచి 107 మి.మీ.కు తగ్గుతుంది, గుంత అంచు తగిలితే రిమ్ము వంగే అవకాశం అంత పెరుగుతుంది.