మార్టిన్ లూథర్ కింగ్ జీవితంలో మిమ్మల్ని బాగా కదిలించిన విషయం ఏది?

అమెరికాలో నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన కింగ్ గురించి ఈ ప్రశ్న అడిగితే అందరూ 1963 వాషింగ్టన్ ప్రసంగమే రాస్తారు, గొప్పదే, కాదనను. కానీ నన్నడిగితే ఆయన ఎలా చనిపోయాడన్నది కాదు, చనిపోయేముందు ఆ ఊరికి ఏ పని మీద వెళ్ళాడన్నది ముందు తెలుసుకోవాలి. 1968లో అమెరికాలోని మెంఫిస్ అనే ఊరికి ఆయన వెళ్ళింది చెత్త ఎత్తే కార్మికుల సమ్మె కోసం. నోబెల్ శాంతి బహుమతి వచ్చి అప్పటికి నాలుగేళ్ళు కావస్తోంది!

మూడేళ్ళ కిందట నాన్న అమెరికా వచ్చినప్పుడు ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళాను. నాన్న మున్సిపాలిటీలో శానిటరీ మేస్త్రీగా చేసి రిటైర్ అయ్యారు, తెల్లవారుజామున ఐదింటికి మస్తరు వేయడానికి వెళ్ళే మనిషి. కింగ్ ని కాల్చిన లొరైన్ మోటెల్ నే ఇప్పుడు మ్యూజియం చేశారు. 306 నంబరు గది ముందు బాల్కనీలో పూలదండ కడతారు, కింద రెండు పాతకాలం కార్లు. నాన్న వాటిని ఒకసారి చూసి లోపలికి నడిచారు.

లోపల ఒక చెత్త లారీ పెట్టారు. దాని దగ్గర ఆగిపోయారు, ఎంత పిలిచినా కదలరు. వెనకాల చెత్తని నొక్కే భాగం చూపించి ఇదెలా పనిచేస్తుందిరా అని అడిగారు. అప్పుడు చెప్పాను, 1968 ఫిబ్రవరి 1న వానొస్తే తలదాచుకోవడానికి ఎకల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు కార్మికులు ఇలాంటి లారీ వెనక భాగంలోకి ఎక్కారు, మిషన్ దానంతటదే తిరగడం మొదలుపెట్టి ఇద్దర్నీ నలిపేసింది, ఆ తర్వాతే సుమారు 1300 మంది సమ్మెకి దిగారు అని. నాన్న కాసేపు ఏమీ అనలేదు. "వానొస్తే నిలబడనిచ్చేదెవర్రా వాళ్ళని? ఏ అరుగు మీదికి రానిస్తారు?" అన్నారు. మెంఫిస్ గురించి నేను చదివినవన్నీ ఒకెత్తు, ఆ మాట ఒకెత్తు.

సమ్మెలో వాళ్ళు పట్టుకున్న అట్టల మీద రాసింది ఒకటే, "నేను మనిషిని" అని. జీతం పెంచమని కూడా కాదు! ఆ ఊరి మేయర్ హెన్రీ లోబ్ యూనియన్ ని గుర్తించనంటే గుర్తించనన్నాడు. మార్చి 28న కింగ్ నడిపిన ఊరేగింపులో గొడవలయ్యాయి, పదహారేళ్ళ కుర్రాడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు, పేపర్లన్నీ కింగ్ నే తిట్టాయి. అయినా మళ్ళీ వచ్చాడు చూడండి, అదీ నాకు కింగ్ అంటే. ఏప్రిల్ 3 రాత్రి గాలివాన, ఒంట్లో ఓపిక లేక ముందు రాలేనన్నాడు, జనం ఎదురుచూస్తున్నారని కబురొస్తే లేచి వెళ్ళి మాట్లాడాడు, మర్నాడు సాయంత్రమే కాల్చేశారు. 39 ఏళ్ళు.

ఇక్కడ అమెరికాలో ఉన్న మనవాళ్ళ మీద నాకో కోపం ఉంది. జనవరి మూడో సోమవారం ఆయన పేరు మీద సెలవు, మనవాళ్ళకి అదొక లాంగ్ వీకెండ్, అంతే. నల్లవాళ్ళ గొడవ మనకెందుకు అనేవాళ్ళని నా చెవులతో విన్నాను. అయ్యా, 1965కి ముందు అమెరికా వలస రావడానికి ఇండియా మొత్తానికి ఏడాదికి ఇచ్చిన కోటా 100 మంది! ఆ జాతి కోటాలు పోయింది 1965 అక్టోబర్ చట్టంతో, ఆ చట్టం వచ్చింది నల్లవాళ్ళు దెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి పౌరహక్కులు సాధించిన వేడిలోనే. మన పాస్‌పోర్టుల్లో వీసా స్టాంపు వెనక వాళ్ళ నెత్తురు ఉందని నేను గట్టిగా నమ్ముతాను, ఎవరితోనైనా వాదిస్తాను.

సరే, అసలు విషయానికొస్తా. బయటికొచ్చాక నాన్న అడిగింది కింగ్ గురించి కాదు. "చివరికి యూనియన్ ని ఒప్పుకున్నారా?" అన్నారు. ఒప్పుకున్నారు నాన్నా, ఆయన పోయిన పన్నెండు రోజులకి, ఏప్రిల్ 16న, జీతం కూడా గంటకి 15 సెంట్లు పెంచారు అన్నాను. "పదిహేనా" అని, ఇంకేమీ అనకుండా మళ్ళీ లోపలికెళ్ళి ఆ లారీ పక్కన నిలబడి ఫోటో తీయమన్నారు. మా హాల్లో ఉన్నది ఆ ఫోటోనే.