ట్రయల్‌లో చేరాలా, ప్లాటు అమ్మి మందు కొనాలా?

కూకట్‌పల్లి నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి రాశారు: "మా నాన్నకు 63 ఏళ్లు. పిత్తనాళ క్యాన్సర్ బాగా ముదిరింది, మొదటి కీమో పనిచేయలేదు. జన్యు పరీక్షలో ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 అనే జన్యువులో మార్పు కనిపించింది. దానికి సరిపడే కొత్త మాత్రను రోగులపై పరీక్షించే ట్రయల్‌లో చేరమంటున్నారు డాక్టర్. అలాంటి మందునే సొంతంగా తెప్పించుకోవచ్చని బంధువులు అంటున్నారు. ఎఫ్‌డీల్లో 9 లక్షలున్నాయి. షాద్‌నగర్‌లో 200 గజాల ప్లాటు అమ్మేయనా?"

ఇప్పుడే ప్లాటు జోలికి వెళ్లకండి. అవసరానికి అమ్ముతున్నారని తెలిస్తే కొనేవాళ్లు ధర ఎలా విరిచేస్తారో మీకు తెలియంది కాదు.

ముందు ఆ రిపోర్టు మళ్లీ తీయండి. ఈ తరహా మందుల్లో పెమిగాటినిబ్‌కు 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది కూడా ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 ఫ్యూజన్ (ఆ జన్యువు మరో జన్యువుతో అతుక్కోవడం) లేదా రీఅరేంజ్‌మెంట్ (దాని ముక్కలు చోటు మారడం) ఉన్నవాళ్లకే. మీ రిపోర్టులో ఆ మాట ఉందా, వట్టి 'మ్యుటేషన్' అని ఉందా? డాక్టర్‌నే అడగండి. ఆ మందు పరీక్షలో 107 మందికి గాను 38 మందిలో కణితి గణనీయంగా తగ్గింది. పనిచేస్తే నెల నెలా వాడుతూనే ఉండాలి. అంటే సొంతంగా కొంటే మందు పనిచేసేకొద్దీ ఖర్చూ సాగుతుంది. ప్లాటు డబ్బు ఎన్ని నెలలు వస్తుందో లెక్కేశాకే ఆ మాట ఎత్తండి.

నా ఓటు ట్రయల్‌కే, డాక్టర్ సరేనంటే. అక్కడ పరీక్షిస్తున్న మందు సాధారణంగా ఉచితం. చేర్చుకోవడానికి ఎవరైనా డబ్బు అడిగితే మాత్రం అనుమానించండి, మన దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే ప్రభుత్వ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో ఆ ట్రయల్ ఉందో లేదో చూడండి. సంతకం పెట్టే ముందు సమ్మతి పత్రాన్ని ఇంటికి తెచ్చుకుని పెన్ను పట్టుకుని చదవండి. స్కాన్లు, కంటి పరీక్షలు (ఈ మందులు కంటిపై ప్రభావం చూపవచ్చు), దారి ఖర్చులు ఎవరు భరిస్తారు? ట్రయల్ అయిపోయాక మందు ఇస్తారా? ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం అందించాలని 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో ఉంది, ఆ పేజీ తప్పక చూడండి.

ఇన్సూరెన్స్‌తోనే అసలు టెన్షన్. చాలా పాలసీల్లో 'నిరూపితం కాని చికిత్స'కు మినహాయింపు ఉంటుంది. ట్రయల్‌లో ఉండగా అడ్మిట్ అయితే క్లెయిమ్ ఇస్తారా అని కంపెనీని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఏజెంటు నోటిమాట లెక్కలోకి రాదు.

9 లక్షలు ఒకటి రెండు పెద్ద ఎఫ్‌డీల్లోనే ఉంటే చిన్నవిగా విడగొట్టండి, ఒకటి తెంచినా మిగతావి నిలుస్తాయి. పాత పన్ను విధానంలో ఉంటే, నాన్నగారు మీపై ఆధారపడినవారైతే, ఆయన చికిత్స ఖర్చుపై లక్ష దాకా పన్ను మినహాయింపు ఉంది (1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 80డీడీబీ). అందుకు స్పెషలిస్టు ప్రిస్క్రిప్షన్ కావాలి, ఇప్పుడే తీసుకుని పెట్టుకోండి.